నా సంతకంతో చనిపోయిన అమ్మాయి

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఇరవై తొమ్మిదేళ్ళు సేఫ్టీ ఆఫీసరుగా పనిచేశాను. ఏమీ జరగకుండా చూడటం నా ఉద్యోగం. ఏమీ జరగకపోతే "ఈయన ఊరికే జీతం తీసుకుంటున్నాడు" అనేవాళ్ళు. చిన్న నిప్పురవ్వ ఎగిరినా "ఈయన ఏం చేస్తున్నాడు" అనేవాళ్ళు. రెండు మాటలకూ అలవాటు పడిపోయాను. ఇప్పుడు రిటైరై పటేల్‌గూడలో ఉంటున్నాను. మా అపార్ట్‌మెంటు కింద బైకుల మీద కూర్చుని కబుర్లాడే పిల్లలు అప్పుడప్పుడు "అంకుల్, మీరు చూసిన పెద్ద యాక్సిడెంట్ ఏంది?" అని అడుగుతుంటారు. మంటలూ పేలుళ్ళూ చెబుతానని వాళ్ళ ఆశ.

నన్ను అన్నిటికంటే భయపెట్టిన రోజున ఏ ప్రమాదమూ జరగలేదు. ఎవరికీ చిన్న గాయం కూడా కాలేదు. అయినా ఆ మధ్యాహ్నానికల్లా ఒక అమ్మాయి చనిపోయింది. చనిపోయిందని రాసి కింద సంతకం పెట్టింది నేనే.

మాది మందుల కంపెనీలకు ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ. ట్యాంకుల్లో ఇట్టే నిప్పంటుకునే ద్రావకాలు ఉంటాయి కాబట్టి ఆరు నెలలకొకసారి మాక్ డ్రిల్ చేసేవాళ్ళం. అంటే ప్రమాదం జరిగినట్టు నటించడం. సైరన్ మోగిస్తాం, పొగ డబ్బాలు వెలిగిస్తాం, ఇద్దరు ముగ్గురిని గాయపడినవాళ్ళలా పడుకోబెట్టి స్ట్రెచర్ మీద మోస్తాం. చాలాచోట్ల ఇది తూతూమంత్రంగా సాగిపోయే తతంగం. నవ్వుకుంటూ పరిగెత్తుతారు, టీ తాగి వెళ్ళిపోతారు. నాకది నచ్చేది కాదు. నా డ్రిల్ నిజంలా ఉండాలి. ఈ విషయంలో నాకు కాస్త పొగరు ఉండేదని ఒప్పుకుంటున్నాను. ఆ ఏడాది గాయపడినవాళ్ళు మాత్రమే ఉంటే చాలదనిపించింది. ఒకరు చనిపోవాలని పథకంలో రాసుకున్నాను.

శవం వేషానికి ఎవరూ ఒప్పుకోలేదు. పాత ఆపరేటర్లు "ఇంట్ల చిన్నపిల్లలున్నరు సార్" అంటూ పక్కకు జరిగారు. బీహార్ నుంచి వచ్చిన కాంట్రాక్టు కార్మికులు నవ్వుతూనే దండం పెట్టేశారు. చివరికి క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి చెయ్యెత్తింది. అప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్ళు.

"నేను పండుకుంట సార్. జెరసేపు రెస్టన్న దొరుకుతది" అంది.

ఆమెది ఇంద్రేశం. తల్లి లేదు. తండ్రి కొత్త లేఅవుట్ల మధ్య మిగిలిన చిన్న పొలం చెక్కలో ఆకుకూరలు వేసి పటాన్‌చెరు మార్కెట్‌కు తెచ్చేవాడు. తమ్ముడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. చర్చిలో పాటలు పాడే పిల్ల. ల్యాబ్‌లో సీసాలు కడుగుతున్నప్పుడు కూడా సన్నగా ఏదో ఒకటి పాడుతూనే ఉండేది.

మా షిఫ్ట్ ఇన్‌చార్జి నాకంటే పెద్దవాడు. నన్ను పక్కకు పిలిచి, "పెండ్లి కావాల్సిన పిల్ల సార్. తెల్లగుడ్డ కప్పి మోసుడెందుకు? ఆ బొమ్మను పండవెట్టుండ్రి" అన్నాడు. ప్రథమ చికిత్స నేర్పడానికి మా దగ్గర ఒక రబ్బరు బొమ్మ ఉండేది.

"బొమ్మను మోస్తే ఎవలకు భయమైతది?" అన్నాను.

ఆయన తన పని చూసుకోవడానికి వెళ్ళిపోయాడు.

పదకొండింటికి డ్రిల్ మొదలైంది. నా లెక్కలో అది బ్రహ్మాండంగా జరిగింది. పొగ ట్యాంకుల పైదాకా లేచింది. ఆ అమ్మాయి ఊపిరి కూడా తెలియనంత నిశ్చలంగా పడుకుంది. దుప్పటి ముఖం మీదికి లాగి నలుగురు మోసుకెళుతుంటే, డ్రిల్ అని తెలిసి కూడా క్యాంటీన్ ఆవిడ ఏడ్చేసింది. అది చూసి నేను లోలోపల పొంగిపోయాను.

తర్వాత రిపోర్టు. ప్రమాదం జరిగిన అరగంటలో చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు సమాచారం పంపాలి. డ్రిల్‌లో దాన్ని కూడా సాధన చేస్తాం కనుక అంతా నిజంగా జరిగినట్టే రాస్తాం. ఎన్ని గంటలకు, ఏ ట్యాంకు దగ్గర, చనిపోయినవాళ్ళ పేరు, వయసు, ఊరు. కాగితం పైఅంచున మాత్రం 'మాక్ డ్రిల్' అని ఒక్క లైను ఉంటుంది. అంతకుముందు తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన 'వివరాలు అసంపూర్ణం' అని రాసిపోయాడు. ఆ మాట నన్ను గుచ్చుతూనే ఉంది. ఈసారి ఒక్క గడి కూడా వదల్లేదు. మృతులు ఒకరు. అమ్మాయి అసలు పేరు, అసలు వయసు, ఇంద్రేశం. కింద నా సంతకం, కంపెనీ ముద్ర. ఫోటో తీసి పక్క ఫ్యాక్టరీల సేఫ్టీవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఫోన్ బల్ల మీదే వదిలి, చేతులు కడుక్కుని భోజనానికి వెళ్ళాను.

మా ఫ్యాక్టరీలో ఆఫీసువాళ్ళం తప్ప ఎవరూ ఫోన్ లోపలికి తేకూడదు. గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో గోడ పొడవునా చెక్క గూళ్ళు ఉండేవి. టోకెన్ నంబరు ప్రకారం ఎవరి గూట్లో వాళ్ళు ఫోన్ పెట్టి వెళ్ళాలి. సాయంత్రం దాకా వాటిని సెక్యూరిటీవాళ్ళు సైతం ముట్టుకోకూడదు. ఆ నిబంధన రాసింది కూడా నేనే.

ఒంటిగంట దాటాక సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఇంటర్‌కామ్‌లో పిలిచాడు. మాజీ సైనికుడు. ఆయన కంగారుపడగా నేనెప్పుడూ చూడలేదు.

"సార్, జెర గేటుకాడికి రాండ్రి. ఫోన్లు మోగుతున్నయ్."

"మోగితే మోగనియ్."

"ఒక్కటి కాదు సార్. అన్ని మోగుతున్నయ్."

నేను వెళ్ళేసరికి ఇద్దరు గార్డులు ఆ గది బయట నిలబడి ఉన్నారు. లోపలికి వెళ్ళడానికి జంకుతున్నారు. లోపల మనిషి లేడు. రెండు వందల పైచిలుకు గూళ్ళు వెలుగుతున్నాయి, ఆరుతున్నాయి. భజన పాట, పెళ్ళి బ్యాండు, పసిపాప నవ్వు, గుడిగంటలు, అన్నీ ఒకేసారి. చెక్క గోడ మొత్తం సన్నగా వణుకుతోంది. ఒక ఫోన్ ఆ వణుకుడుకే అంచుదాకా జరిగి కిందపడింది. పడిన తర్వాత కూడా మోగడం ఆపలేదు. తెరల మీద పేర్లు వచ్చిపోతున్నాయి. అమ్మ, పప్పా, ఇల్లు, ఘర్, చిన్నోడు, మళ్ళీ అమ్మ. పట్టపగలు, ఎండ కిటికీలోంచి నేల మీద పడుతుండగా, నేనూ గార్డుల్లాగే గడప దగ్గరే ఆగిపోయాను. ఇంతమంది ఇళ్ళలో ఒకేసారి ఏం జరిగిందని అనుకున్నాను. జరిగింది మా దగ్గరేనని నాకప్పుడు తట్టలేదు.

సూపర్‌వైజర్ తన ఫోన్ నా ముందు పెట్టాడు. ఏదో స్థానిక యూట్యూబ్ ఛానల్. పక్కనున్న కొత్త అపార్ట్‌మెంటు మేడ మీదినుంచి ఎవరో తీసిన వీడియో. మా పొగ, మా సైరన్, మా స్ట్రెచర్, తెల్ల దుప్పటి. ఆ తర్వాత నా రిపోర్టు. పైఅంచు లేదు. మృతురాలి పేరు చుట్టూ ఎర్ర గీత. పక్కన ఆ అమ్మాయి చర్చిలో పాడుతున్న ఫోటో.

పైఅంచు ఎవరు కత్తిరించారో నాకు ఈనాటికీ తెలియదు. కావాలని చేశారని కూడా అనుకోను. ఫోన్‌లో ఫోటోను కాస్త పైకి జరిపి స్క్రీన్‌షాట్ తీస్తే చాలు, ఆ ఒక్క లైను పోతుంది. కాగితం మీద అడ్డంగా, పెద్దగా కొట్టాల్సిన ముద్రను నేను అంచున పెట్టాను. ఇన్నేళ్ళలో దాన్ని తప్పుపట్టినవాళ్ళు లేరు, నాకూ తోచలేదు.

ఆ అమ్మాయిని పిలిపించాను. తన గూట్లోంచి ఫోన్ తీసుకుని నిలబడిపోయింది. వీడియోలో తనను మోసుకెళుతుంటే కళ్ళార్పకుండా చూసింది. అయిపోయాక మళ్ళీ మొదటినుంచి పెట్టింది. తనతో చదువుకున్నవాళ్ళు దండాల గుర్తులు, కొవ్వొత్తులు పంపారు. ఒకమ్మాయి పెద్ద ఉత్తరమంత రాసింది.

"గిది నాతోని రెండేండ్ల సంది మాట్లాడతలేదు సార్" అంది ఆమె చిన్న గొంతుతో. "నేనంటే ఇంత ఇష్టమని నాకు తెల్వనే తెల్వదు."

ఫోన్ దించి, "సార్, నిజంగనే ఏం కాలేదు గదా?" అని అడిగింది. నన్ను అడిగింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని "ఏం కాలేదు బిడ్డా, ముందుగాల ఇంటికి ఫోన్ చెయ్యి" అన్నాను. ఆ చెయ్యి మంచులా ఉంది.

తండ్రి ఎత్తాడు. స్పీకర్ పెట్టింది.

"నాయినా, నేనే. నాకేం కాలేదు. గది ఉత్త డ్రిల్..."

అవతల ఎవరో పాట పాడుతున్నారు, ఆడవాళ్ళ ఏడుపులు వినిపిస్తున్నాయి.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు తండ్రి. "నా బిడ్డ గొంతుతోని ఎందుకు మాట్లాడుతున్నవ్?"

తమ్ముడు ఫోన్ లాక్కున్నాడు. "కంపెనోళ్ళేనా? మాకు తెలుసు. సచ్చిపోయినోళ్ళ గొంతు కంప్యూటర్ల చేసి ఇండ్లకు ఫోన్లు కొట్టిస్తున్నరని కింద కామెంట్లల్ల ఉన్నది. సిగ్గు లేదా మీకు?"

"అరేయ్, నేనురా. వీడియో కాల్ చెయ్, నా మొహం సూడు."

"మొహాలు గూడ చేస్తరు" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే స్విచ్ ఆఫ్.

ఈలోగా ప్లాంట్ మేనేజర్ నాతోనే ఖండన రాయించాడు. 'జరిగింది మాక్ డ్రిల్ మాత్రమే, ఎవరికీ ప్రాణహాని లేదు' అని అదే కంపెనీ కాగితం మీద, అదే ముద్రతో. అప్పటికప్పుడు ఆన్‌లైన్‌లో పెట్టారు. ఒకే చేతి సంతకంతో రెండు కాగితాలు తిరుగుతున్నాయి. ఒకదాని ప్రకారం అమ్మాయి పోయింది, ఇంకోదాని ప్రకారం బతికే ఉంది. జనం మొదటిదాన్నే నమ్మారు. నేను బయటివాణ్ణయితే నేనూ దాన్నే నమ్మేవాణ్ణి.

"అధికారులొచ్చి అందర్ని లెక్కపెట్టేదాక ఎవ్వరు బయటికి పోవద్దు" అన్నాడు మేనేజర్.

"వాళ్ళ నాయినకు గుండె జబ్బు సార్. ఆయనకేమన్నయితే మీరు లెక్కల రాసుకుంటరా?" అన్నాను. అంత గట్టిగా ఆయనతో అంతకుముందెప్పుడూ మాట్లాడలేదు. ఆయన జవాబు కోసం ఆగకుండా నా స్కూటర్ తీశాను.

దుమ్ము పడకుండా అమ్మాయి ముఖానికి చున్నీ చుట్టుకుని వెనక కూర్చుంది. గేటు బయట వంద మంది దాకా ఉన్నారు. అందరూ ఆమె ఈడువాళ్ళే. ఎవరికీ ఆమె తెలియదు. ఆమె పేరు మాత్రం అందరికీ తెలుసు. ఆ పేరే అరుస్తూ న్యాయం కావాలంటున్నారు. ఫోన్లు పైకెత్తి చూపిస్తున్నారు. ఒకడు స్కూటర్‌కు అడ్డమొచ్చి, "లోపల ఎంతమంది పోయిండ్రక్కా?" అని ఆమెనే అడిగాడు.

"ఎవ్వరు పోలే."

"కంపెనీ గట్ల చెప్పుమన్నదా?"

ఆమె చున్నీ తీయబోయింది. నేను వద్దని బండి ముందుకు పోనిచ్చాను. ఆ గుంపులో ఆమె ముఖం బయటపెడితే ఏమవుతుందో నాకు అంతుపట్టలేదు. దారి పొడవునా ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. వెనక మనిషి ఉందో లేదోనన్న అనుమానంతో రెండుసార్లు అద్దంలో చూశాను. మీరు నవ్వినా సరే, చూశాను.

ఇంద్రేశంలో వాళ్ళ సందు మొదట్లోనే ఫ్లెక్సీ కట్టేశారు. మన దగ్గర మనిషిని బతికించడానికి ఎంతసేపు పడుతుందో గానీ ఫ్లెక్సీకి గంట చాలు. చర్చి ఫోటోయే పెద్దదైంది, కింద 'అశ్రునివాళి'. అమ్మాయి బండి దిగి దాని ముందు నిలబడింది. తర్వాత చున్నీ తీసేసి లోపలికి నడిచింది.

షామియానా కింద కుర్చీల్లో జనం. పాస్టరుగారు నిలబడి పాడిస్తున్నారు. ఆమెను ముందు చూసినవాళ్ళు పాట ఆపారు. వెనకవాళ్ళు ఇంకా పాడుతూనే ఉన్నారు, తర్వాత ఒక్కొక్కరే ఆగిపోయారు. ఎవరూ సంతోషంతో అరవలేదు. ఎదురొచ్చి కౌగిలించుకోలేదు. ఆమె నడుస్తుంటే కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. ఒక తల్లి తన పిల్ల కళ్ళు మూసింది. అంతకుముందు గంట నుంచి ఆమె కోసం గుండెలు బాదుకున్నవాళ్ళే, ఆమె పక్కనుంచి పోతే చీర కొంగు దగ్గరికి లాక్కున్నారు.

తమ్ముడు తండ్రి పక్కన నిలబడి ఉన్నాడు. అక్కను చూశాడు. చేతిలో ఫోన్ చూశాడు. మళ్ళీ అక్కను చూశాడు.

నాకు కోపం ఆగలేదు. భయం కూడా కోపంగానే బయటికొచ్చింది. "సదువుకుంటున్నవు గదా! ఫోన్ల వచ్చిందల్లా నమ్ముడేనా? జెర ఆలోచన ఉండద్దా?" అని అందరి ముందూ అరిచాను.

అతను లోపలికి వెళ్ళి గోడకున్న ఒక ఫ్రేము తెచ్చాడు. ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరినప్పుడు నేనిచ్చిన సేఫ్టీ శిక్షణ సర్టిఫికెట్. దాని పక్కన ఫోన్ పెట్టి నాకు చూపించాడు.

"వీడియో సూసి నేను నమ్మలే సార్. పాత వీడియో అయ్యుంటదనుకున్న. కాయిదం వచ్చింది. దొంగ కాయిదం అయ్యుంటదనుకున్న. అందుకే ఇది తీసి సంతకం పోల్చిన. రెండు ఒక్కటే ఉన్నయ్." ఫ్రేమును నా చేతిలో పెట్టాడు. "నేను ఫోన్‌ను నమ్మలే సార్. మిమ్మల్ని నమ్మిన."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఎంతమందిని తిట్టానో, ఎన్ని మెమోలు ఇచ్చానో. ఆ రోజు ఆ పిల్లవాడి ముందు తలెత్తలేకపోయాను. వాడు చేయవలసిన పరీక్షలన్నీ చేశాడు. మా వయసువాళ్ళం మీకు చెప్పే జాగ్రత్తలన్నీ తీసుకున్నాడు. తప్పిందల్లా నా దగ్గరే.

తండ్రి మాత్రం లేవలేదు. పక్కనున్న కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచి కూతురికి ఇచ్చాడు. ఆమె తాగుతుంటే గొంతు కదలడం కన్నార్పకుండా చూశాడు. గ్లాసు ఖాళీ అయ్యాక దాన్ని తలకిందులు చేసి చూసుకున్నాడు. అప్పుడు "నా బిడ్డనే" అని నేల మీద కూలబడి బావురుమన్నాడు. ఆ తర్వాతే జనం ఆమె దగ్గరికి రాగలిగారు.

నాకు మెమో వచ్చింది, విచారణ జరిగింది, నా పద్ధతులు మారాయి. అప్పటినుంచి డ్రిల్ కాగితాల మీద కోణం నుంచి కోణానికి ఎర్ర ముద్ర కొట్టించాను. బాధితుల పేర్ల దగ్గర అంకెలు మాత్రమే రాశాము. శవానికి రబ్బరు బొమ్మనే వాడాము. షిఫ్ట్ ఇన్‌చార్జి ఒక్కసారి కూడా "నేను చెప్పలేదా" అనలేదు. ఆ మంచితనం నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఛానల్ వాళ్ళు వీడియో తీసేశారు గానీ, అప్పటికే అది ఎక్కడెక్కడికో పోయింది. ఏడాదికోసారి ఎవరో ఒకరు మళ్ళీ పెడతారు. కొత్తవాళ్ళు మళ్ళీ కొవ్వొత్తులు పెడతారు. అమ్మాయి అలవాటు పడిపోయింది. "నా వర్ధంతి వచ్చింది సార్" అని నవ్వుతుంది.

తమ్ముడు నవ్వలేదు. చదువైపోయి తెల్లాపూర్‌లో బహుళ అంతస్తుల భవనాల్లో లిఫ్టులు రిపేరు చేసే పనిలో చేరాడు. ఏ వార్తనూ నమ్మడు. వరద వచ్చిందంటే నమ్మడు, పరీక్షా ఫలితాలొచ్చాయంటే నమ్మడు. మంచీ చెడూ ఏదైనా సరే, ఫోన్‌లో చెబితే కట్ చేస్తాడు. "మనిషొచ్చి చెప్పాలె" అంటాడట. అక్క ఎంత చెప్పినా మారలేదు. వాడిని అలా తయారుచేసింది ఏ ఛానలూ కాదని నాకు తెలుసు.

నేను రిటైరైన మరుసటి ఏడాది ఒకరోజు పొద్దున్నే ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, నాయిన పోయిండు. మార్కెట్లనే కుప్పగూలిండు. తమ్మునికి పదిసార్లు చేసిన, మాట విని కట్ చేస్తుండు. ఫోటో పంపిన, సూసి తీసేసిండు. నేనా, నాయిన్ని ఇడిచిపెట్టి రాలేను. ఎవర్ని పంపాల్నో తెల్వక..."

"నేను పోత" అన్నాను.

తెల్లాపూర్ గేటు దగ్గర గార్డు నా పేరు ట్యాబ్‌లో ఎక్కించుకుంటూ ఎందుకొచ్చారని అడిగాడు. డెలివరీ, అతిథి, సర్వీసు అని మూడు ఎంపికలు చూపించాడు. నేను ఏదీ చెప్పలేక, "మీ లిఫ్ట్ మెకానిక్‌ను ఒక్కసారి పిలువుండ్రి" అన్నాను. దారంతా మాటలు కూడబలుక్కుంటూనే వచ్చాను. ఎక్కడ మొదలుపెట్టాలి, నమ్మకపోతే ఏం చెయ్యాలి, ప్రమాణం చెయ్యాలా. ఇరవై తొమ్మిదేళ్ళు ప్రమాద వార్తలు ఎలా చెప్పాలో ఇతరులకు నేర్పినవాణ్ణి, నాకు ఒక్క వాక్యం కుదరలేదు.

అతను చేతులకంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. నన్ను చూసి ఆగాడు. నేను నోరు తెరిచాను.

"చెప్పకుండ్రి సార్" అన్నాడు. "మీరొచ్చిండ్రంటే అక్క చెప్పింది నిజమేనన్నట్టు."

తల ఊపాను.

అతను అక్కడే గేటు అరుగు మీద కూర్చుని, గ్రీజు చేతులతోనే ముఖం కప్పుకున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. చాలాసేపటి తర్వాత లేచి, నా భుజం పట్టుకుని నన్నూ లేపాడు.

"పదండి సార్, జల్దీ పోదాం. పొద్దుగాలటి సంది అక్క ఒక్కతే ఉన్నది. పాపం, పదిసార్లు చేసింది."